టేకు చేపని గోడలో పెట్టకండి

మా అన్నయ్య కొడుకు విజయవాడ పక్కన పోరంకిలో ఇల్లు కట్టుకుంటున్నాడు. స్లాబులు, ప్లాస్టరింగ్ అయిపోయి పని ఇప్పుడు ఇంటీరియర్ దగ్గరికి వచ్చింది. మొన్న ఒక రాత్రి వాట్సాప్‌లో రెండు పంపాడు. ఒకటి డిజైనర్ గీసిచ్చిన త్రీడీ బొమ్మ: హాల్లో టీవీ పక్కన గోడలోకి దింపిన అక్వేరియం, ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. రెండోది ఎవరింట్లోనో తీసిన చిన్న వీడియో. తెల్లటి ఇసుక, దాని మీద నీలం చుక్కల టేకు చేప, ఇప్పుడంతా స్టింగ్‌రే అంటున్నారే అదే, రెక్కల అంచులు ఆడించుకుంటూ తేలిపోతోంది. కింద "బాబాయ్, మన అక్వేరియంలో ఇది పెట్టుకోవచ్చా? చిన్నదానికి తెగ నచ్చింది" అని రాశాడు. చిన్నదంటే వాడి కూతురు, యూకేజీ.

నన్నెందుకు అడిగాడంటే మా ఇంట్లో ఉప్పునీళ్ళ అక్వేరియం చాలా ఏళ్ళుగా నడుస్తోంది. క్లౌన్‌ఫిష్‌లు, డామ్సెల్‌లు, ఒక గోబీ ఉన్నాయి, అన్నీ చిన్న చేపలే. టేకు చేపని నేనెప్పుడూ పెంచలేదు, పెంచే ఉద్దేశమూ లేదు, కానీ దాని గురించి దొరికిందల్లా చదివాను, పెంచినవాళ్ళతో మాట్లాడాను, నిజాంపట్నం రేవుకి వెళ్ళినప్పుడల్లా వలల్లోంచి దింపే టేకుల దగ్గర నిలబడి చూశాను. వాడికి ఫోన్ చేసి వద్దురా అన్నాను. "డబ్బు గురించా బాబాయ్? నీళ్ళు చల్లబరిచే చిల్లర్ పెట్టిస్తా, పెద్ద ఫిల్టర్ పెట్టిస్తా" అన్నాడు. డబ్బు గురించి కాదు. ఫోన్లో తేలే విషయం కూడా కాదు, అందుకే ఇక్కడ విడమరిచి రాస్తున్నాను.

లీటర్ల లెక్క దీనికి పనికిరాదు

ఆ డిజైనర్ కొలతల ప్రకారం అందులో దాదాపు 640 లీటర్ల నీళ్ళు పడతాయి. ఇళ్ళల్లో ఉండేవాటిల్లో అది పెద్ద అక్వేరియమే, ఇంత పెద్దదాంట్లో ఒక్క చేప బతకదా అని ఎవరికైనా అనిపిస్తుంది. షాపుల్లో కూడా మాటంతా లీటర్లలోనో గ్యాలన్లలోనో నడుస్తుంది. మామూలు చేపలకి ఆ లెక్క చాలావరకు సరిపోతుంది, అవి పైన, కింద, మధ్యలో అంతటా ఈదుతాయి కాబట్టి. టేకు చేప బతుకంతా అడుగునే. అడుగున తిరుగుతుంది, అడుగున తింటుంది, అడుగునే ఇసుక మీదో రాళ్ళ కిందో పడుకుంటుంది.

వీడియోలోది బ్లూస్పాటెడ్ రిబ్బన్‌టెయిల్ రే, శాస్త్రీయ నామం టేనియూరా లిమ్మా. పూర్తిగా పెరిగితే ఒంటి వెడల్పే 35 సెంటీమీటర్ల దాకా వస్తుంది, తోకతో కలిపితే పొడవు 80 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మావాడి గోడలో అక్వేరియం వెడల్పు 45 సెంటీమీటర్లు. అందులోంచి అద్దాల మందం తీసెయ్యండి, అందం కోసం వెనక పేర్చే రాళ్ళ చోటు తీసెయ్యండి. మిగిలిన సందులో ఆ జీవి ఎటు మళ్ళినా ముట్టె ఒక అద్దానికి తగులుతుంది, తోక ఇంకో అద్దానికి తగులుతుంది. పైన రెండడుగుల నీళ్ళున్నా దానికి ఒరిగేదేమీ లేదు, ఆ ఎత్తు సోఫాలో కూర్చున్నవాళ్ళ కోసం.

ఇలాంటి అక్వేరియంల వీడియోల్లో ఒకటి గమనించండి. టేకు చేప అద్దానికి పొట్ట ఆనించి పైకీ కిందికీ పాకుతుంటుంది, పొట్ట వైపు ఉన్న నోరు, పైన ముక్కు రంధ్రాలు కలిసి నవ్వు మొహంలా కనిపిస్తాయి, పిల్లలు హాయ్ చెబుతోందని ఎగిరి గంతేస్తారు. తిండి పెట్టే మనిషి కనపడితే కూడా అవి అలా చేస్తాయి, అది నిజమే, ప్రతి పాకుడూ బాధ వల్లేనని నేను అనను. కానీ అడుగున గంటలకొద్దీ కదలకుండా ఉండాల్సిన జీవి పొద్దస్తమానం అద్దం మీదే ఉంటే దానికి అడుగున చోటు చాలడం లేదని నేను నమ్ముతున్నాను.

ఇసుక కూడా ఏదంటే అది కుదరదు. మెత్తటి సన్న ఇసుక ఉండాలి. పగడపు ముక్కలు, గులకలు వేస్తే పొట్ట గీసుకుపోయి పుండ్లవుతాయి. చాలా టేకులు ఇసుకలో దూరి పడుకుంటాయి, అప్పుడు నోరు కింద ఉంటుంది కాబట్టి కళ్ళ వెనకాల ఉన్న రంధ్రాల్లోంచి నీళ్ళు లోపలికి లాక్కుని ఊపిరి తీసుకుంటాయి. కళ్ళు, ఆ రెండు రంధ్రాలు తప్ప మిగతా ఒళ్ళంతా ఇసుక కింద ఉంటుంది. ఈ నీలం చుక్కల జాతి ఇసుకలో దూరడం తక్కువే, పగలు రాళ్ళ కింద దాక్కుంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలకి అప్పుడు కనపడేది ఖాళీ ఇసుకే. ఇంత ఖర్చు పెట్టినవాడికి అది నచ్చదు, కాబట్టి "బాగా కనపడాలి" అని ఇసుక తీసేసి ఉత్త అద్దం మీద పెంచేవాళ్ళూ ఉన్నారు.

సరే, నేల పెంచుదాం అనుకుందాం. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల నీళ్ళు. ఆ చిన్న జాతికి నా మనసు కాస్త ఒప్పుకునే కొలత అది. నీళ్ళే 1800 లీటర్లు. రెండడుగుల లోతు ఉప్పునీళ్ళ బరువు చదరపు మీటరుకి 600 కిలోలు దాటుతుంది, దానికి అద్దం, ఇసుక, స్టాండు అదనం. మన దేశ ప్రమాణాల్లో ఇళ్ళ గదులకి లెక్కేసే బరువు చదరపు మీటరుకి 200 కిలోలు. ఇంజినీరు ప్రత్యేకంగా చూసి, కింద దూలాలు వేస్తే తప్ప దాన్ని మొదటి అంతస్తులో పెట్టకూడదు. పోరంకి ఇంటికి గ్రౌండ్ ఫ్లోర్ ఉంది కాబట్టి మావాడు అదృష్టవంతుడు. పటమటలోనో మొగల్రాజపురంలోనో అపార్ట్‌మెంట్లో ఉండేవాడికి మాట ఇక్కడితోనే అయిపోతుంది.

ఎండ, కరెంటు, మనవాళ్ళ నీళ్ళ తెలివి

ఈ చేపకి నీళ్ళు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. ఏసీ లేని హాల్లో మే నెలలో నీళ్ళు తేలిగ్గా 32 దాటతాయి. చిల్లర్ పెడితే అది నీళ్ళలోంచి లాగిన వేడిని గదిలోకే వదులుతుంది, దాంతో ఏసీ కూడా వెయ్యాలి, లేదంటే చిల్లర్‌ని బయట పెట్టి గోడకి కన్నాలు కొట్టి పైపులు లాగాలి. ఇదంతా డబ్బుతో అయ్యే పని. డబ్బుతో కానిది కరెంటు పోయినప్పుడు మొదలవుతుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ, ఉప్పు పెరిగేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన పట్టుకుంటే సముద్రపు నీళ్ళు 7 లోపే పట్టుకుంటాయి, వేడి పెరిగితే ఇంకా తక్కువ. పంపు ఆగితే మూత వేసిన ఫిల్టర్‌లో ఉన్న మంచి బ్యాక్టీరియా కొన్ని గంటల్లోనే చావడం మొదలుపెడుతుంది. కరెంటు వచ్చాక పంపు ఆ కుళ్ళునంతా తెచ్చి అక్వేరియంలో పోస్తుంది, కాబట్టి రెండోసారి దెబ్బ కరెంటు వచ్చాకే తగులుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. అక్కడ నాకు తెలిసినాయన ఇంట్లో మంచి ఉప్పునీళ్ళ అక్వేరియం ఉండేది. మేడ మీదకెక్కి పాల ప్యాకెట్ కోసం ఎదురుచూస్తున్న మనుషుల మధ్య ఆయన చేపల సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకోవాల్సిన సమయమూ కాదది. బ్యాటరీ ఎయిర్ పంపు మొదటి రోజు దాటలేదు. నీళ్ళు తీశాక ఆయన అక్వేరియం మళ్ళీ నింపలేదు. అలాంటి వరద రోజూ రాదు, నిజమే. కానీ టేకు చేప బాగా చూసుకుంటే ఏళ్ళ తరబడి బతకాల్సిన జీవి, అన్నేళ్ళలో ఏదో ఒక వేసవి, ఏదో ఒక తుపాను మన ఇంటి మీదుగా పోకుండా ఉండదు.

ఇక్కడ నా వాదనకి గట్టి ఎదురు వాదన ఒకటుంది, అది కూడా మా ఇంట్లోనే ఉంది. మా బావమరిది రేపల్లె వైపు వనామీ రొయ్యల చెరువులు చేస్తాడు. నీళ్ళని సజీవంగా ఉంచడం అతనికి చేతనైనంత నాకు చేతకాదు. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుందని నిద్రలో కూడా తెలుస్తుంది అతనికి. అమ్మోనియా, ఉప్పు శాతం, పీహెచ్ అన్నీ నోటిమీదే ఉంటాయి. జనరేటర్ ఉంది, ఏరేటర్లు ఉన్నాయి, రాత్రి కాపలా మనిషి ఉన్నాడు. హైదరాబాద్ వాళ్ళు అక్వేరియం పెట్టి బయటినుంచి మనిషిని పిలిపించుకుంటారేమో గానీ, కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి మనుషులకి నీళ్ళ గురించి ఎవరూ వచ్చి పాఠం చెప్పక్కర్లేదు. కాబట్టి మనవల్ల కాదు అనే మాట నేను అనను, అంటే అది అబద్ధం.

అతన్నే అడిగాను, టేకు చేపని పెంచాలంటే ఎలా పెంచుతావు అని. ఆలోచించడానికి కూడా ఆగలేదు. "షెడ్డులో కింద టార్పాలిన్ తొట్టి కడతా బావా, నడుం లోతు కూడా అక్కర్లేదు, వెడల్పు బాగా ఉంచుతా, పక్కన వేరే తొట్టిలో ఫిల్టర్, మోటార్లన్నీ బయట" అన్నాడు. మళ్ళీ తనే "రొయ్య అయితే అడుగు పాడైందని పైకొచ్చి చెప్తుంది. నీ టేకు అడుగునే పడుకునేదాయె, అదెలా చెప్తుంది?" అన్నాడు. ఈ మాట నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఎక్కువగా నాకు గుర్తుండిపోయింది. మందంగా ఇసుక పోస్తే కింది పొరల్లో గాలి ఆడక హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు తయారవుతుంది, చెరువు అడుగు నల్లబడడమంటే అదే, దాన్ని కెలికేది కూడా ఆ చేపే. పెద్ద పెద్ద పబ్లిక్ అక్వేరియంల వాళ్ళు పిల్లలు వేలితో తాకి చూసేందుకు టేకుల్ని ఉంచే తొట్లు చూడండి, అవీ లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, పైనుంచి వంగి చూసేవే. రొయ్యల రైతు, పబ్లిక్ అక్వేరియం మనిషి ఒకరికొకరు తెలియకుండా ఒకే తొట్టి దగ్గరికి చేరారు. గోడలో కిటికీ గీసింది ఇంటీరియర్ డిజైనర్ ఒక్కడే.

తిండి మానేస్తే ఏం చేస్తాం

తొట్టి బాగున్నంత మాత్రాన పని అయిపోదు. ఈ నీలం చుక్కల జాతికి తొట్టిలో తిండి ముట్టని పేరుంది. సముద్రంలో ఇసుక తవ్వుకుని పురుగులు, పీతలు, రొయ్యలు, చిన్న చేపలు తినే జీవి, తొట్టిలోకి వచ్చాక పక్కనే వేసిన రొయ్యని కూడా వదిలేస్తుంది. కొన్ని కొంతకాలం బాగా తిని, ఏ కారణమూ కనపడకుండా మానేస్తాయి. అనుభవం ఉన్న పబ్లిక్ అక్వేరియంలు కూడా దీన్ని కష్టమైన జాతిగానే లెక్కేస్తాయి. మన దగ్గర బతికున్న రొయ్యలకి కొదవ లేదు, ఆ ఒక్క విషయంలో ప్రపంచంలో చాలామందికంటే మనకి వీలెక్కువ. అయినా రొయ్యలొక్కటే పెడితే చాలదు, విటమిన్లు కలపాలి, రకరకాలు పెట్టాలి, కొన్ని రకాల ఫ్రోజెన్ చేపలు విటమిన్ బీ1ని నాశనం చేసే పదార్థంతో వస్తాయి.

ఒక షాపులో నేను చూసింది చెబుతాను. ఏ ఊళ్ళో, ఏ షాపు అన్నది అనవసరం. మూడడుగుల అద్దం తొట్టి, అడుగున ఇసుక లేదు, మూలన ఒక చిన్న టేకు. రెక్కల అంచులు పైకి ముడుచుకుపోయి ఉన్నాయి, తోక మొదట్లో రెండు వైపులా ఎముకల్లాంటి గట్టు తేలి కనపడుతోంది. నిజానికి దానికి ఎముకలు ఉండవు, ఒళ్ళంతా మృదులాస్థి, అయినా చిక్కిపోతే అక్కడే ముందు తెలుస్తుంది. "తింటోందా?" అనడిగాను. "రెండు రోజుల్లో అలవాటు పడిపోద్ది సార్, ఇంటికి పోయాక తింటది" అన్నాడు. అంచులు అలా ముడుచుకున్నాక తిరిగి కోలుకునేవి చాలా తక్కువ. ధర మాత్రం తగ్గించి చెప్పాడు. ఆ తగ్గింపు చూసి ఎవరో కొనే ఉంటారు.

జబ్బు సంగతికి వస్తే ఉప్పునీళ్ళ చేపలకి తెల్లచుక్కల జబ్బు వచ్చినప్పుడు అందరూ వాడే మందు రాగి. ఆ రాగి టేకులకి, సొరలకి విషం. మందు వెయ్యడం కాదు, ఎప్పుడో రాగి వాడిన పాత అక్వేరియం కొని అందులో టేకుని వేసినా ప్రమాదమే, రాళ్ళు, ఇసుక రాగిని పీల్చుకుని తర్వాత వదులుతుంటాయి. నైట్రేట్ పెరిగితే అయోడిన్ ఒంటికి అందక గొంతు దగ్గర గాయిటర్ వస్తుంది. ముట్టె చుట్టూ లోరెంజిని గ్రాహకాలు అనే సన్నటి రంధ్రాలుంటాయి, ఇసుకలో దాగిన పీత ఒంట్లోంచి వచ్చే అతి సన్నటి విద్యుత్తుని కూడా అవి పట్టేస్తాయి. అలాంటి జీవిని ఎర్తింగ్ సరిగ్గా లేని ఇంట్లో, నీళ్ళలో మునిగిన మోటార్ల పక్కన ఉంచుతాం. మనం చెయ్యి పెట్టినా తెలియనంత లీకేజీ దానికి పగలూ రాత్రీ తెలుస్తూనే ఉంటుంది.

తోక మీద ఉండే విషపు ముల్లు గురించి జనం భయపడినంతగా నేను భయపడను. 2006లో టీవీలో మొసళ్ళని పట్టి చూపించే ఆస్ట్రేలియా ఆయన స్టీవ్ ఇర్విన్ టేకు ముల్లు దిగి చనిపోయాడు కాబట్టి ఆ భయం అందరి మనసులో ఉంది, కానీ టేకు దాడి చేసే జీవి కాదు, తొక్కితేనో మూలకి నెడితేనో కొడుతుంది. విషం ప్రోటీన్ కాబట్టి ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఆ చెయ్యి ఉంచుతూ ఆస్పత్రికి పోవాలి. అయితే యూకేజీ పిల్ల ఉన్న ఇంట్లో, పైన తెరిచి ఉండే తొట్టి దగ్గర, ఇది చిన్న విషయం అని కూడా అనలేను. ముల్లు కత్తిరిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్ళున్నారు, అది మళ్ళీ మొలుస్తుంది, మళ్ళీ పట్టి కత్తిరించాలి.

పులుసు తింటావుగా?

మా ఆవిడ ఈ చర్చంతా విని ఒక్క ప్రశ్న వేసింది. "మా అమ్మగారింట్లో టేకు పులుసు లొట్టలేసుకుంటూ తిన్నారు. పురుడప్పుడు నాకు సొర పుట్టు మీరే తెప్పించారు. చంపి తింటే లేని పాపం, పెంచుకుంటే ఎక్కడిదండీ?"

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు ఉందనుకోను. నేను చేపలు తినడం మానలేదు, మానే ఉద్దేశమూ లేదు. రేవులో టేకు ఎలా చస్తుందో కూడా చూశాను, డెక్కు మీద ఊపిరాడక, చాలాసేపు. ముల్లు తగలకుండా మనవాళ్ళు ముందు తోక నరికేస్తారు, అది బతికుండగానే. దాన్ని తేలికైన చావు అని రాసే ధైర్యం నాకు లేదు. సంఖ్యల్లో చూస్తే అక్వేరియంలకి పోయేవి వలల్లో పోయేవాటి ముందు లెక్కలోకే రావు. సొరలు, టేకుల జాతుల్లో మూడో వంతుకు పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2021లో తేల్చారు, దానికి ప్రధాన కారణం చేపల వేటే, అక్వేరియంలు కావు. మా ఆవిడ మాటలో ఇంత బలం ఉంది.

అయినా నాకు తేడా కనపడుతోంది. రేవులో ఉన్న టేకు పట్టుబడే దాకా సముద్రంలోనే బతికింది. వలేసిన మనిషికి దాని మీద ప్రేమ ఉందని ఎవరూ అనలేదు, అతనికి అది కూలి, మనకి అది కూర. అక్వేరియంలో పెట్టేవాడు ఆ జీవి అందం చూసి, అది బాగుండాలని కోరి తెస్తున్నాడు. బాగుండాలని తెచ్చినవాడు దాని బాగు ఎందులో ఉందో చూడాలి కదా. తిండి ముట్టకుండా నెలల తరబడి రెక్కలు ముడుచుకుంటూ పోవడం గంటల చావుకంటే ఏ రకంగా మేలో నాకు అర్థం కాదు. కూర కోసం అయితే కనీసం ఎవరి కడుపో నిండుతుంది. మా ఆవిడ ఈ జవాబుకి సగమే ఒప్పుకుంది. "అయితే తినడం గురించి కూడా ఒకరోజు రాయండి" అంది. రాయాలి.

పిల్లలకి చూపించకపోతే సముద్రం మీద ప్రేమ ఎలా కలుగుతుంది అని మావాడు అన్న మాట కూడా కొట్టిపారేసేది కాదు. నాకు చేపల పిచ్చి పట్టింది చిన్నప్పుడు గాజు తొట్టి చూసే. కానీ యూకేజీ పిల్లకి టేకు చేప చూపించాలంటే తెల్లవారకముందే నిజాంపట్నమో మచిలీపట్నం గిలకలదిండో తీసుకుపోతే ఒక్క పొద్దుటే రకరకాల టేకులు కనపడతాయి. చచ్చినవి చూపిస్తావా అంటారేమో, మన పిల్లలు చేపల మార్కెట్టు చూసి పెరిగినవాళ్ళే. కదిలేది చూడాలంటే మంచి పబ్లిక్ అక్వేరియం ఉన్న ఊరికి వెళ్ళినప్పుడు చూడొచ్చు.

రేవులో దొరికిన పిల్ల

బావమరిది దగ్గర ఈ మాట నడుస్తున్నప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది, అది నన్ను కూడా కొన్నాళ్ళు ఊరించింది. వలల్లో పిల్ల టేకులు పడతాయి. అరచేతంత ఉంటాయి, ధర పలకవు. బతికున్నదాన్ని ఒకటి డ్రమ్ములో ఆక్సిజన్ పెట్టి తెచ్చుకుంటే, ఎలాగూ చచ్చేదాన్ని బతికించినట్టే కదా? ఎక్కడో పగడపు దిబ్బల దగ్గర పట్టి విమానంలో తెచ్చినదానికంటే ఇది న్యాయం కాదా?

ఊరించడానికి కారణం ఉంది, ఇందులో కొత్తగా ఏ జీవినీ సముద్రంలోంచి తియ్యడం లేదు. కానీ ఆ పిల్ల ఏ జాతిదో రేవులో నిలబడి చెప్పడం చాలా కష్టం. మన తీరంలో చిన్నగానే ఉండిపోయే జాతులున్నాయి, పాతిక సెంటీమీటర్ల వెడల్పు దగ్గర ఆగిపోయేవి. వాటి పక్కనే హనీకోంబ్ విప్‌రే లాంటివీ ఉన్నాయి, అది పెరిగితే ఒంటి వెడల్పే మీటరున్నర దాటుతుంది, తోక దానికి రెట్టింపు కంటే ఎక్కువ. పిల్లప్పుడు చుక్కలతో భలే ముద్దుగా ఉండేది అదే. కొన్ని రకాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్లో కూడా ఉన్నాయి, వాటిని ఇంట్లో ఉంచుకుంటే కేసు. పైగా వలలో ఒళ్ళు నలిగి, ఎండలో డెక్కు మీద పడి ఉన్న పిల్ల బయటికి బాగానే కనపడినా లోపల దెబ్బతిని ఉంటుంది. "దాన్ని బతికించాలనుంటే అక్కడే నీళ్ళలోకి వదిలెయ్ బావా, పడవ ఆయన ఏమీ అనడు" అన్నాడు బావమరిది. అదీ సరైన మాటే, దానికి తొట్టి అక్కర్లేదు.

షాపువాళ్ళు ఇచ్చే ఇంకో సలహా కూడా చెప్పేసి ముగిస్తాను. ఉప్పునీళ్ళు కష్టమైతే మంచినీళ్ళ స్టింగ్‌రే తీసుకోండి అంటారు. అవి దక్షిణ అమెరికా నదులవి, పోటమోట్రిగాన్ ప్రజాతి. అక్వేరియంలలోనే పిల్లల్ని పెట్టేవి, దొరకడం తేలిక, ఉప్పు ఖర్చు లేదు. ఆ రకంగా నా అభ్యంతరాల్లో కొన్ని పోతాయి. కానీ వాటిల్లో ఎక్కువగా అమ్మే మోటోరో కూడా అర మీటరు వెడల్పు దాటే జీవి, అడుగున్నర వెడల్పు గోడ తొట్టి దానికి ఇంకా ఇరుకు.

నా మాట ఎప్పుడు మారుతుంది

నా క్లౌన్‌ఫిష్‌లు సముద్రం ఎప్పుడూ చూడలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని హేచరీలో పెంచే పద్ధతి ఎప్పుడో సాధించింది, ఇప్పుడు హేచరీ పిల్లలు కావాలంటే దొరుకుతున్నాయి. అందుకే వాటిని ఉంచుకోవడం గురించి నాకు పెద్ద సందేహాలు లేవు. నీలం చుక్కల టేకు అలా కాదు. షాపుకొచ్చేది సముద్రంలో పట్టిందే. అది గుడ్లు వేలకొద్దీ పెట్టే చేప కాదు, కడుపులో నెలల తరబడి మోసి, ఒక్కో కాన్పుకి మహా అయితే ఏడు పిల్లల్ని కంటుంది. అందులోంచి ఒకటి మన గోడలోకి రావడానికి దారిలో ఎన్ని పోయి ఉంటాయో అమ్మేవాడు చెప్పడు.

రేపు ఎల్లో స్టింగ్‌రే లాంటివి, అంటే తొట్టిలో తేలిగ్గా తిని, పబ్లిక్ అక్వేరియంలలో పిల్లల్ని కూడా పెడుతున్న చిన్న కరీబియన్ జాతి, తొట్టిలో పుట్టినవే మన దగ్గరికి వస్తే తిండి గురించీ, సముద్రంలోంచి పట్టుకురావడం గురించీ నేను చెప్పినవన్నీ వెనక్కి తీసుకుంటాను. అప్పుడు కూడా గ్రౌండ్ ఫ్లోర్లో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తొట్టి, బయట ఫిల్టర్, ఇంటికి జనరేటర్, మనం ఊరెళ్ళినా నీళ్ళు చూసే మనిషి ఉన్నవాడికే సరే అంటాను. మావాడికి పోరంకిలో వెనక వైపు షెడ్డు వేసుకునే చోటుంది, కావాలంటే అది ఆలోచించుకోమన్నాను. ఆ త్రీడీ బొమ్మలో ఉన్న అక్వేరియంలో మాత్రం క్లౌన్‌ఫిష్‌లు, ఒకటి రెండు గోబీలు వేసుకుంటే ఆరడుగుల తొట్టి వాటికి చాలా పెద్దిల్లు, హేచరీ పిల్లల్ని ఎక్కడ కొనాలో నేను చెబుతాను.